న్యూహామ్ కౌన్సిల్, మేయర్ ఎన్నికలు: ఈస్ట్ హామ్ తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు (1964 నుంచి 2022 దాకా)

లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో ఉండే మనవాళ్లకు మన ఊళ్ల ఎన్నికల సంగతి బూత్ లెవెల్ దాకా తెలుసు. ఏ నియోజకవర్గంలో ఎవరికి ఎంత మెజారిటీ వచ్చిందో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. అదే మనిషిని, మీ వీధిలో చెత్త తీయించేది ఎవరు, మీ కౌన్సిలర్ పేరేంటి అని అడిగితే ఆలోచనలో పడతాడు. నేను 2009 సెప్టెంబరులో చదువుకోవడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. అప్పటి నుంచి మా గ్రూపుల్లో పదేపదే వచ్చే ప్రశ్నలకు తెలిసినంతలో జవాబులు ఒకచోట పెడుతున్నాను.

అసలు న్యూహామ్ ఏంటి? మేముండేది ఈస్ట్ హామ్ కదా?

రెండూ నిజమే. 1965 దాకా ఈస్ట్ హామ్, వెస్ట్ హామ్ అని రెండు వేర్వేరు బరోలు, అంటే సొంత కౌన్సిల్ ఉన్న పాలనా విభాగాలు, ఉండేవి, ఎవరి కౌన్సిల్ వాళ్లది, ఎవరి టౌన్ హాల్ వాళ్లది. బార్కింగ్ రోడ్డు మీద గడియారం గోపురంతో ఎర్ర ఇటుకల భవనం ఉంటుంది చూడండి, అది ఈస్ట్ హామ్ టౌన్ హాల్, 1903 నాటిది. వెస్ట్ హామ్ వాళ్లది స్ట్రాట్‌ఫర్డ్ బ్రాడ్‌వేలో ఉంది. లండన్‌ను 32 బరోలుగా విడగొట్టినప్పుడు ఈ రెండు హామ్‌లనూ కలిపి, నార్త్ ఉల్విచ్‌ను కూడా చేర్చి, కొత్త హామ్ అన్న అర్థంలో న్యూహామ్ అని పేరు పెట్టారు. 2021 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ ఉండేది సుమారు 3.5 లక్షల మంది. మన దగ్గర ఒక మాదిరి పెద్ద పట్టణం అంత.

నేను ఇండియన్ పాస్‌పోర్ట్ మీద, స్టూడెంట్ వీసాలో ఉన్నాను. నాకు ఓటెలా వస్తుంది?

వస్తుంది. అందరూ నమ్మకుండా తిరిగి అడిగే ప్రశ్న ఇదే కాబట్టి వివరంగా చెబుతాను. ఇండియా కామన్‌వెల్త్ దేశం. 18 ఏళ్లు నిండి, ఈ దేశంలో ఉండటానికి చెల్లుబాటయ్యే వీసా ఉన్న కామన్‌వెల్త్ పౌరులు ఎవరైనా ఓటరుగా నమోదు చేసుకోవచ్చు. స్టూడెంట్ వీసానా, వర్క్ వీసానా, డిపెండెంటా అన్న తేడా లేదు. కౌన్సిల్ ఎన్నికలకే కాదు, లండన్ మేయర్ ఎన్నికకు, పార్లమెంటు ఎన్నికలకు కూడా ఇదే రూలు. ఫుల్‌టైమ్ స్టూడెంట్లకు కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటి మీద కౌన్సిల్ వసూలు చేసే పన్ను) మినహాయింపు ఉంది కదా, ట్యాక్స్ కట్టనివాడికి ఓటెందుకిస్తారు అని కొందరు వాదిస్తారు. ఆ రెంటికీ సంబంధమే లేదు.

నేను వచ్చిన కొత్తలో ఒక ఇంట్లో ఆరుగురం ఉండేవాళ్లం. కౌన్సిల్ నుంచి ఇంట్లో ఓటర్లెవరో రాసి పంపమని ఫారం వస్తే ఇంటి ఓనరు దాన్ని పక్కన పడేసి, "స్టూడెంట్లకు ఓట్లుండవు బాబూ" అన్నాడు. ఆయనకు తెలియక అన్నాడో, ఇంట్లో ఎంతమంది ఉన్నారో బయటపడటం ఇష్టంలేక అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. మా క్లాసులో ఒక నైజీరియా అబ్బాయి, వాళ్లదీ కామన్‌వెల్త్ దేశమే, తను రిజిస్టర్ చేసుకున్నానని చెబితే అప్పుడు వెళ్లి నేనూ చేసుకున్నాను. ఆ ఇంట్లో మిగతా ఐదుగురికీ ఆ ఏడాది ఓటు లేకుండా పోయింది. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

ఇప్పుడు అదంతా ఆన్‌లైన్‌లో పది నిమిషాల పని. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు ఇంకా రాకపోయినా అప్లై చేయొచ్చు, వేరే ఆధారం ఏదైనా అడుగుతారు. పోలింగ్‌కు 12 పనిదినాల ముందే గడువు ముగుస్తుందని మాత్రం గుర్తుపెట్టుకోండి.

మేయర్ అంటే సాదిక్ ఖాన్ కదా? మళ్లీ ఈ మేయర్ ఎవరు?

సాదిక్ ఖాన్ లండన్ మొత్తానికి మేయర్. బస్సులు, ట్యూబు (భూగర్భ రైళ్లు), పోలీసు వ్యవహారాలు అటువైపు. న్యూహామ్ మేయర్ మన బరో కౌన్సిల్‌ను నడిపే మనిషి. చెత్త, పార్కింగ్ పర్మిట్లు, లైబ్రరీలు, కౌన్సిల్ అద్దెకిచ్చే ఇళ్లు, ఇల్లులేనివాళ్లకు వసతి, ముసలివాళ్ల సంరక్షణ, కౌన్సిల్ ట్యాక్స్‌లో బరో వాటా, ఇవన్నీ ఇక్కడ తేలతాయి. చాలా బరోల్లో మేయర్ అంటే మెడలో బంగారు గొలుసు వేసుకుని రిబ్బన్ కట్ చేసే గౌరవ పదవి, ఏడాదికొకరు మారతారు. 2002కు ముందు న్యూహామ్‌లోనూ అంతే. జనం నేరుగా ఎన్నుకునే, అధికారం ఉన్న మేయర్లు లండన్‌లోని 32 బరోల్లో ఐదింటికే ఉన్నారు: న్యూహామ్, లూయిషమ్, హాక్నీ, టవర్ హామ్లెట్స్, 2022 నుంచి క్రోయ్‌డన్.

అంత పాత చరిత్ర మనకెందుకు? 1965కు ముందు ఏముంది?

చాలా ఉంది. ఇక్కడి రాజకీయాల రంగు అప్పుడే ఖాయమైంది. వెస్ట్ హామ్ అంటే ఆ రోజుల్లో ఓడరేవులు, రసాయనాల ఫ్యాక్టరీలు, గ్యాస్ వర్క్స్. బెక్టన్ గ్యాస్ వర్క్స్‌లో పనిచేసిన విల్ థోర్న్ 1889లో కూలీలందరినీ సంఘంగా కూడగట్టి రోజుకు ఎనిమిది గంటల పని సాధించాడు. సమ్మె దాకా పోకుండానే సాధించాడు. 1891లో వెస్ట్ హామ్ కౌన్సిలర్ అయ్యాడు, తర్వాత మేయరూ ఎంపీ కూడా అయ్యాడు. కార్మిక నాయకుడు కీర్ హార్డీ 1892లో పార్లమెంటుకు గెలిచింది వెస్ట్ హామ్ సౌత్ నుంచే. 1898లో వెస్ట్ హామ్ కౌన్సిల్ లేబర్, సోషలిస్టు వర్గం చేతికి వచ్చింది, ఈ దేశంలో అలా వచ్చిన మొదటి కౌన్సిల్ అదే. ఏడాది తిరిగేసరికి చేజారిపోయింది, అది వేరే సంగతి.

నన్ను ఎక్కువగా కదిలించేది 1926 ఘటన. అప్పట్లో పేదలకు సాయం ఇవ్వడానికి గార్డియన్ల బోర్డు అని ఒకటి ఉండేది, దానికీ ఎన్నికలు జరిగేవి. వెస్ట్ హామ్ బోర్డు పని పోయిన కుటుంబాలకు మరీ ధారాళంగా డబ్బులిచ్చి అప్పుల పాలవుతోందని చెప్పి, మంత్రి నెవిల్ చాంబర్లిన్ ప్రత్యేకంగా చట్టం చేయించి, జనం ఎన్నుకున్న ఆ బోర్డును పక్కకు తప్పించి తన మనుషులను కూర్చోబెట్టాడు. ఎన్నికైన స్థానిక సంస్థను పైనున్న సర్కారు పక్కన పెట్టడం మనకు ఇంటి దగ్గర కొత్త కాదు. ఇక్కడా అది జరిగిందని చాలామందికి తెలియదు.

కొత్త కౌన్సిల్‌కు మొదటి ఎన్నిక ఎప్పుడు? ఎప్పుడూ లేబర్ పార్టీయేనా?

మొదటి ఎన్నిక 1964 మేలో జరిగింది, లేబర్ గెలిచింది. 1965 ఏప్రిల్ నుంచి కొత్త కౌన్సిల్ పని మొదలుపెట్టింది. తర్వాత 1968 మే 9న లండన్ అంతటా లేబర్ కొట్టుకుపోయింది. న్యూహామ్‌లో కూడా మెజారిటీ పోయి, ఎవరికీ పూర్తి బలం రాలేదు. ఆ వారం తిరగగానే, మే 16 తెల్లవారుజామున, కానింగ్ టౌన్‌లో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల కౌన్సిల్ టవర్‌లో గ్యాస్ పేలి ఒక మూల మొత్తం పైనుంచి కిందిదాకా పేకమేడలా కూలింది. జనం కాపురాలు పెట్టి రెండు నెలలు అయిందో లేదో. నలుగురు చనిపోయారు. ఆ తర్వాత దేశమంతా ఎత్తైన భవనాల రూల్సే మారిపోయాయి. ఇల్లు ఎవరు కడతారు, ఎలా కడతారు, ఎవరికిస్తారు అన్నది ఈ బరో ఎన్నికల్లో అప్పటి నుంచి ఇప్పటిదాకా నంబర్ వన్ విషయం.

1971లో లేబర్ తిరిగి వచ్చింది. ఆ తర్వాత జరిగిన ప్రతి ఎన్నికలోనూ, 2022 దాకా, లేబరే.

2002లో మేయర్‌ను నేరుగా ఎన్నుకోవడం ఎందుకు మొదలైంది?

టోనీ బ్లెయిర్ ప్రభుత్వం 2000లో లోకల్ గవర్నమెంట్ చట్టం తెచ్చింది. అంతకుముందు కౌన్సిల్ పనంతా కమిటీల్లో సాగేది, ఎవరు నిర్ణయం తీసుకున్నారో బయటివాళ్లకు అర్థమయ్యేది కాదు. ఒక మనిషిని జనమే ఎన్నుకుంటే బాధ్యత ఎవరిదో తెలుస్తుందన్నది వాళ్ల వాదన. న్యూహామ్‌లో 2002 జనవరి 31న రెఫరెండం పెట్టారు. ఓటేసినవాళ్లలో 68 శాతం మేయర్ కావాలన్నారు, కానీ ఓటేసింది నలుగురిలో ఒకరే. ఇరవై ఏళ్లు నడిచిన వ్యవస్థను బరో ఓటర్లలో పాతిక శాతం మంది తేల్చారన్నమాట.

సరిగ్గా అదే 2002లో హైదరాబాద్‌లో కూడా జనం నేరుగా ఓటేసి తీగల కృష్ణారెడ్డిని మేయర్‌ను చేశారు. మన దగ్గర తర్వాత ఆ పద్ధతి పోయి మళ్లీ కార్పొరేటర్ల ఓటుతో ఎన్నుకునే పద్ధతికి వచ్చారు. న్యూహామ్‌లో నేరుగా ఎన్నుకోవడమే నిలిచింది.

రాబిన్ వేల్స్ అన్న పేరు చాలాసార్లు వింటాం. ఎవరాయన?

1995 నుంచి కౌన్సిల్ లీడర్, 2002 నుంచి 2018 దాకా మేయర్. లెక్కేస్తే 23 ఏళ్లు బరో ఆయన చేతిలోనే ఉంది. స్కాట్లండ్ మనిషి. 2002, 2006, 2010, 2014, వరుసగా నాలుగుసార్లు గెలిచాడు. 2006లో మాత్రమే గట్టి పోటీ వచ్చింది. ఇరాక్ యుద్ధం మీద కోపంతో ముస్లిం ఓటర్లు చాలామంది రెస్పెక్ట్ పార్టీ వైపు వెళ్లారు, ఆ పార్టీ అభ్యర్థి అబ్దుర్‌రహ్మాన్ జాఫర్ రెండో స్థానంలో నిలిచాడు, వేల్స్‌కు మొదటి లెక్కింపులో సగం ఓట్లు రాలేదు.

ఆయన పాలన గురించి ఒక్క మాటలో మంచి, చెడు అని తేల్చలేను. 2009లో ప్రైమరీ స్కూలు పిల్లలందరికీ ఉచిత భోజనం మొదలైంది, ప్రభుత్వ ప్రయోగాత్మక పథకం ముగిశాక కూడా కౌన్సిల్ కొనసాగించింది. మన పిల్లలు వేలమంది తిన్నారు. 2013 జనవరిలో, ఇంగ్లండ్‌లోనే మొదటిసారిగా, దాదాపు బరో అంతటా ఇల్లు అద్దెకిచ్చే ప్రతి ఓనరూ లైసెన్స్ తీసుకోవాలన్న రూలు తెచ్చారు. ఒక గదిలో నలుగురిని కుక్కి డబ్బులు దండుకునే వాళ్ల మీద కేసులు పడ్డాయి. ఈస్ట్ హామ్‌లో అద్దెకున్న ఏ తెలుగు స్టూడెంట్‌ను అడిగినా ఆ రూలు విలువ చెబుతాడు.

ఇక రెండో వైపు. 2013లో స్ట్రాట్‌ఫర్డ్‌లో ఒక హాస్టల్లో ఉంటున్న 29 మంది చిన్న వయసు తల్లులకు ఖాళీ చేయమని నోటీసులు వచ్చాయి. లండన్ వదిలి బర్మింగ్‌హామ్, మాంచెస్టర్ లాంటి దూరపు ఊళ్లకు పొమ్మన్నారు. ఒలింపిక్ పార్కు పక్కనే కార్పెంటర్స్ ఎస్టేట్‌లో మంచి కౌన్సిల్ ఇళ్లు ఖాళీగా తాళాలు వేసి ఉండగా మమ్మల్ని ఎందుకు పంపుతున్నారని ఆ తల్లులు అడిగారు. ఫోకస్ ఈ15 పేరుతో రోడ్డెక్కారు, 2014 సెప్టెంబరులో ఆ ఖాళీ ఇళ్లలో కొన్నింటిలోకి వెళ్లి కూర్చున్నారు. నేను అటు వెళ్లినప్పుడు కిటికీకి వేలాడదీసిన గుడ్డ బ్యానర్ చూశాను. ఈ ఇళ్లకు మనుషులు కావాలి, ఈ మనుషులకు ఇళ్లు కావాలి అన్న అర్థంలో రాశారు. అంతకన్నా సూటిగా ఎవరూ చెప్పలేరనిపించింది.

60కి 60 సీట్లూ ఒకే పార్టీకి ఎలా వస్తాయి?

2010, 2014, 2018, మూడుసార్లు వరుసగా అలాగే వచ్చాయి. 2006లో లేబర్‌కు 54, రెస్పెక్ట్‌కు 3, క్రిస్టియన్ పీపుల్స్ అలయన్స్‌కు 3 వచ్చాయి. 2010లో కౌన్సిల్ ఎన్నిక, పార్లమెంటు ఎన్నిక ఒకే రోజు పడటంతో ఓటింగ్ బాగా పెరిగి చిన్న పార్టీలు తుడిచిపెట్టుకుపోయాయి.

లెక్క చాలా సింపుల్. అప్పుడు 20 వార్డులు, వార్డుకు ముగ్గురు కౌన్సిలర్లు, ఓటరు చేతిలో మూడు ఓట్లు. ఎక్కువ ఓట్లు వచ్చిన మొదటి ముగ్గురూ గెలుస్తారు. పార్టీని చూసి ఓటేసేవాళ్లు మూడూ ఒకే పార్టీకి వేస్తారు కాబట్టి వార్డులో ఏ పార్టీ ముందుంటే దానికే మూడు సీట్లూ. 2014లో మేయర్ ఎన్నికలో లేబర్‌కు వచ్చింది 61 శాతం, కౌన్సిల్లో సీట్లు నూటికి నూరు. మిగతా ఓటర్ల తరఫున అడగడానికి ఆ సభలో ఒక్క మనిషి లేడు. మేయర్ పనిని తనిఖీ చేయాల్సిన స్క్రూటినీ కమిటీల్లోనూ సొంత పార్టీవాళ్లే. నేను ఆ పార్టీకే ఓటేసిన మనిషిని, అయినా చెబుతున్నాను, ఇది మంచిది కాదు.

2018లో రాబిన్ వేల్స్ ఎలా ఓడిపోయాడు? ఎన్నికల్లో ఓడలేదు కదా?

అవును, జనం ఓట్లతో కాదు, సొంత పార్టీ సభ్యుల ఓట్లతో దిగిపోయాడు. 2016 చివర్లో ఆయన్నే మళ్లీ నిలబెట్టాలా, పోటీ పెట్టాలా అని స్థానిక లేబర్ శాఖల్లో ఓటింగ్ జరిగింది. ఆయనకు అనుకూలంగా 20, వ్యతిరేకంగా 17, ఆయనే గెలిచాడు. కానీ వార్డు శాఖల్లో ఎక్కువ ఆయనకు వ్యతిరేకంగా వేశాయి, పార్టీకి అనుబంధంగా ఉన్న యూనియన్ల లాంటి సంఘాల ఓట్లు ఆయన్ను గట్టెక్కించాయి. ఆ సంఘాల ఓట్లు రూల్ ప్రకారం పడలేదని సభ్యులు ఊరుకోకుండా పోరాడారు, ఏడాదికి పైగా లాగారు. చివరికి 2018లో పోటీ పెట్టక తప్పలేదు. కస్టమ్ హౌస్ వార్డు కౌన్సిలర్ రుఖ్సానా ఫయాజ్‌కు 861 ఓట్లు, వేల్స్‌కు 503.

ఎనిమిది వందల అరవై ఒకటి. మూడున్నర లక్షల మంది ఉన్న బరోలో 23 ఏళ్ల పాలనను ముగించిన ఓట్లు అన్నే. మన ఏరియాలో సంక్రాంతి సంబరాలకు అంతకన్నా ఎక్కువమంది వస్తారు.

ఆ మేలో ఆమె 73 శాతం ఓట్లతో మేయర్ అయ్యారు, లండన్ బరోల్లో నేరుగా ఎన్నికైన తొలి మహిళా మేయర్. వెస్ట్ హామ్‌కు 1936లోనే డైసీ పార్సన్స్ తొలి మహిళా మేయర్ అయ్యారు, మహిళల ఓటు హక్కు కోసం సిల్వియా పాంఖర్స్ట్‌తో కలిసి పోరాడిన మనిషి ఆవిడ. కాకపోతే అప్పుడు మేయర్‌ను ఎన్నుకునేది కౌన్సిలే.

2021లో ఇంకో రెఫరెండం ఎందుకు?

ఫయాజ్ ఇచ్చిన మాట అది. మేయర్ పద్ధతే వద్దు, మళ్లీ కమిటీలకు వెళదాం అనేవాళ్లు కూడా బరోలో చాలామంది ఉన్నారు. 2021 మే 6న, లండన్ మేయర్ ఎన్నిక రోజునే, మేయరా కమిటీలా అని అడిగారు. మేయర్ ఉండాలన్నవాళ్లు దాదాపు 56 శాతం. 2002లో 68 ఉన్నది ఇప్పుడు 56కు దిగింది. కౌన్సిలర్లే లీడర్‌ను ఎన్నుకునే లీడర్, క్యాబినెట్ అనే మూడో పద్ధతి చాలా బరోల్లో ఉంది, దాన్ని ఈ బ్యాలెట్‌లో పెట్టలేదు, పెట్టి ఉంటే ఏమయ్యేదో అని నాకు అనిపిస్తుంది.

2022లో ఏం మారింది?

సీట్లు 60 నుంచి 66కు, వార్డులు 24కు పెరిగాయి. ఫయాజ్ 56 శాతంతో మళ్లీ గెలిచారు. లేబర్‌కు 64 సీట్లు. మిగతా రెండూ స్ట్రాట్‌ఫర్డ్ ఒలింపిక్ పార్క్ వార్డులో గ్రీన్ పార్టీకి. 12 ఏళ్ల తర్వాత సభలో ప్రతిపక్షం అంటూ ఇద్దరు కూర్చున్నారు. 2023లో బొలీన్, ప్లాస్టో నార్త్ వార్డుల ఉపఎన్నికల్లో ఇండిపెండెంట్లు గెలిచారు. మన ఇళ్లు చాలా ఉన్న చోట్లే ఇవి.

మేయర్ బ్యాలెట్ మీద రెండు కాలమ్‌లు ఉండేవని విన్నాను, నిజమేనా?

నిజం. 2022 దాకా మొదటి ఇష్టం, రెండో ఇష్టం అని రెండు గుర్తులు పెట్టేవాళ్లం. ఎవరికీ సగం దాటకపోతే మొదటి ఇద్దరిని ఉంచి, మిగతావాళ్ల ఓటర్ల రెండో ఇష్టాన్ని కలిపేవారు. 2022 నాటి ఎన్నికల చట్టం ఆ పద్ధతిని తీసేసింది. ఆ చట్టం ప్రకారం మేయర్ ఎన్నికలకు మన ఎమ్మెల్యే ఎన్నికలాగే ఒకటే ఓటు, ఎక్కువ వచ్చినవాళ్లే విజేత.

మేయర్ నచ్చకపోతే కౌన్సిలర్లు అవిశ్వాసం పెట్టి దించొచ్చా?

కుదరదు. నాలుగేళ్లు ఆగాల్సిందే. బడ్జెట్‌ను మాత్రం మూడింట రెండొంతుల మంది కౌన్సిలర్లు కలిస్తే మార్చగలరు.

మనవాళ్లు పోటీ చేయొచ్చా?

చేయొచ్చు, కానీ ఓటుకున్నంత తేలిక కాదు. స్టూడెంట్ వీసా, వర్క్ వీసా సరిపోవు, ఇండియన్ పౌరులైతే శాశ్వత నివాస హక్కు, అంటే ఐఎల్ఆర్ ఉండాలి. కౌన్సిలర్‌కు డిపాజిట్ లేదు. మేయర్‌కు 500 పౌండ్లు, 5 శాతం ఓట్లు రాకపోతే పోతుంది.

ఎన్నికల కోర్టు మేయర్‌ను తీసేసింది న్యూహామ్‌లోనేనా?

కాదు, అది పక్కనున్న టవర్ హామ్లెట్స్. 2014లో లుత్ఫుర్ రహ్మాన్ గెలిచిన ఎన్నికను 2015 ఏప్రిల్లో ఎన్నికల కోర్టు రద్దు చేసి, ఐదేళ్లు పోటీకి అనర్హుణ్ని చేసింది. 2022లో ఆయన మళ్లీ పోటీ చేసి గెలిచాడు. రెండు బరోలనూ కలిపేసి మాట్లాడటం మన గ్రూపుల్లో చాలా చూశాను.

పోలింగ్ రోజు ఎలా ఉంటుంది? ఏం తీసుకెళ్లాలి?

గురువారం, పొద్దున 7 నుంచి రాత్రి 10 దాకా. సెలవు ఉండదు. స్కూలు హాల్లోనో చర్చి హాల్లోనో పెడతారు. 2010 మే 6న నా మొదటి ఓటు. ఏ కార్డూ అడగలేదు, పేరు, అడ్రస్ చెబితే లిస్టులో గీత కొట్టి మూడు కాగితాలు ఇచ్చారు: పార్లమెంటుకు ఒకటి, మేయర్‌కు ఒకటి, కౌన్సిలర్లకు ఒకటి. చెక్క అరలో దారంతో కట్టిన పెన్సిలు. ఈవీఎం లేదు, సిరా లేదు, లైన్లో తోపులాట లేదు, బయట జెండాలు లేవు. ఆ రాత్రి అమ్మ వీడియో కాల్లో "ఏదీ, వేలు చూపించు" అంది. చూపిస్తే మచ్చ లేదు. వేశానని నమ్మించడానికి పావుగంట పట్టింది.

2023 మే నుంచి ఫొటో ఉన్న గుర్తింపు తప్పనిసరి. ఇండియన్ పాస్‌పోర్ట్ చెల్లుతుంది, ఎందుకంటే కామన్‌వెల్త్ దేశాల పాస్‌పోర్టులు ఆ లిస్టులో ఉన్నాయి. గడువు తీరినా ఫొటోలో మీ పోలిక ఉంటే సరిపోతుంది. ఇంటికి వచ్చే పోల్ కార్డు గుర్తింపు కిందికి రాదు, అది తెచ్చి వెనక్కి వెళ్లినవాళ్లున్నారు.

ఇల్లు మారాను. పాత ఓటు పనికొస్తుందా?

ఓటు మీతో పాటు దానంతటదే రాదు, కొత్త అడ్రస్‌తో మళ్లీ నమోదు చేసుకోవాలి. హై స్ట్రీట్ నార్త్ నుంచి ఇల్‌ఫర్డ్ వైపు మారితే బరో కూడా మారిపోతుంది, అది రెడ్‌బ్రిడ్జ్, అక్కడ నేరుగా ఎన్నుకునే మేయర్ లేడు, కౌన్సిలర్లకే ఓటు. పోస్టల్ ఓటు పెట్టుకున్నవాళ్లు మూడేళ్లకోసారి మళ్లీ అప్లై చేయాలి. మొన్న మా పక్కింటి అన్నయ్యకు ఈ సంగతి తెలియక కాగితం కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు, పోలింగ్ అయిపోయింది.